పైమెట్టు మీది ఆలస్యం

ఆ ఇంటికి ఇద్దరల్లుళ్ళు. ఇద్దరూ ఒకే ప్రయోగశాలలో, ఒకే అంతస్తులో, ఎదురెదురు గదుల్లో కూర్చుని పరమాణు కేంద్రకాల మీద పనిచేస్తారు. అత్తగారు వాళ్ళని పెద్దల్లుడు, చిన్నల్లుడు అంటుంది కాబట్టి మనమూ అలాగే అనుకుందాం. అసలు పేర్లు వాళ్ళ వ్యాసాల మీద ఎలాగూ ఉన్నాయి, కావలసినవాళ్ళు చూసుకోవచ్చు. పెద్దల్లుడి వ్యాసాలు కావలసినవాళ్ళు మాత్రం పెద్దగా లేరు.

పెద్దల్లుడికి లోకంలో నచ్చినవి రెండే రెండు. ఒకటి తను దిద్దిన లెక్క, రెండోది తను దిద్దబోయే లెక్క. మిగతాదంతా ఆయన దృష్టిలో చెత్త. సిద్ధాంతాలు రాసేవాళ్ళు గాలి పోగేసేవాళ్ళు, యంత్రం నడిపేవాళ్ళు మీటలు నొక్కే కోతులు, డైరెక్టరు ఉత్త సంతకం. కొత్తగా చేరిన విద్యార్థుల్ని ఆయన మనుషుల్లో జమ కట్టడు. ఎవరైనా ఉత్సాహంగా ఒక గ్రాఫు తెచ్చి చూపిస్తే కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, పెదవి విరిచి, "ప్లస్సు మైనస్సు ఎంత?" అని అడుగుతాడు. గ్రాఫులో ప్రతి చుక్కకీ కిందా పైనా చిన్న గీత గీస్తారు, తప్పు ఇంతవరకు ఉండొచ్చు సుమా అని ఒప్పుకోవడానికి. దాన్ని ఎర్రర్‌బార్ అంటారు. చాటున ఆయన్నీ అదే పేరుతో పిలుస్తారు. కూతురు పుట్టినప్పుడు నర్సు బరువు చెబితే, దానికి కూడా ప్లస్సు మైనస్సు ఎంతని అడిగిన ఘనుడు.

చిన్నల్లుడు పూర్తిగా వేరు. నవ్వు మొహం, పెద్ద గొంతు, అందరి పుట్టినరోజులూ నోటికి వచ్చు. చేతికి చాక్‌పీసు దొరికితే నోటికి అడ్డూ ఆపూ ఉండదు. చేరిన కొన్నేళ్ళకే ఒక గ్రూపుకి పెద్దయ్యాడు, పెద్దల్లుడేమో డిటెక్టర్ల విభాగంలోనే ఉండిపోయాడు. "వాడికి ఫిజిక్స్ తెలీదు, ఫిజిక్స్ తెలిసినవాళ్ళు తెలుసు," అని పెద్దల్లుడు భార్యతో ఎన్నోసార్లు అన్నాడు. ఇందులో ఇంకో ముల్లు ఉంది. మరదలికి ఆ సంబంధం తెచ్చింది పెద్దల్లుడే. "మా ల్యాబులో ఒక కుర్రాడున్నాడు, బుద్ధిమంతుడు" అని అప్పట్లో తన నోటితోనే అన్నాడు. జీవితం మొత్తంలో సరిచూసుకోకుండా అన్న మాట అదొక్కటేనని ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాడు.

ఇక్కడ వీళ్ళ పని గురించి కాస్త చెప్పాలి. కేంద్రకాన్ని ఇంకో కేంద్రకంతో గట్టిగా కొడితే దానికి ఒళ్ళు వేడెక్కుతుంది. ఆ వేడి దించుకోవడానికి అది మెట్లు మెట్లుగా కిందికి దిగుతుంది, మెట్టు దిగినప్పుడల్లా ఒక గామా కిరణాన్ని వదులుతుంది. ఒక్కో మెట్టు మీద ఎంతసేపు నిలబడుతుందో అదే ఆ మెట్టు ఆయుష్షు. సెకనుని కోటి ముక్కలు చేసి, అందులో ఒక ముక్కని మళ్ళీ లక్ష ముక్కలు చేస్తే, అలాంటివి కొన్ని. లోపలున్న ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిసికట్టుగా కదిలితే ఆ మెట్టు చప్పున దిగిపోతుంది. ఎవరి గోల వారిదే అన్నట్టు ఒకటో రెండో మాత్రమే కదిలితే దిగడానికి తాత్సారం చేస్తుంది. అంటే ఆయుష్షు కొలిస్తే చాలు, లోపల ఐకమత్యం ఉందో లేదో చెప్పేయొచ్చు. కుటుంబాలకి ఇలాంటి పరికరం లేకపోవడం ఒక రకంగా అదృష్టమే.

ఆ కొలిచే పెట్టె చేతిసంచీలో పట్టేంత ఉంటుంది. లోపల రెండు పల్చటి లోహపు రేకులు ఎదురెదురుగా, మొహం చూసుకునేంత నున్నగా సాగదీసి ఉంటాయి. దెబ్బ తిన్న కేంద్రకం మొదటి రేకులోంచి ఎగిరి వచ్చి రెండో రేకులో దిగబడి ఆగిపోతుంది. ఎగురుతుండగా వదిలిన కిరణం ఒక రకంగా, ఆగాక వదిలింది ఇంకో రకంగా కనిపిస్తుంది. రేకుల మధ్య దూరాన్ని వెంట్రుకవాసి కన్నా తక్కువగా పెంచుకుంటూ పోతూ, ఏవి ఎన్నో లెక్కపెడితే ఆయుష్షు తేలుతుంది. ఆ రేకుల్ని సరిచేయడంలో పెద్దల్లుడి చేతికి సాటి లేదు. ఈ మాట చిన్నల్లుడే పదిమందిలో అంటూ ఉంటాడు. పెద్దల్లుడు దాన్ని వెటకారం కింద జమ చేసుకుంటాడు.

ఒకరోజు కాఫీ గదిలో చిన్నల్లుడు కప్పు పక్కన పెట్టి, గోడ మీదున్న పలక తుడిచి, తమ గ్రూపు తేల్చిన సంగతి అందరికీ చెప్పాడు. ఒక వరసలో ఉన్న కేంద్రకాలన్నీ బుద్ధిగా కలిసి తిరుగుతుంటే, మధ్యలో ఒక్కటి మాత్రం నాలుగో మెట్టు మీద ఇరుగుపొరుగువాటికన్నా మూడింతలు ఎక్కువసేపు నిలబడుతోందట. అంటే కలిసి కదిలే గుణం అక్కడ ఉన్నట్టుండి తెగిపోయిందన్నమాట. పాత సిద్ధాంతాలకి ఇది మింగుడుపడదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆహా ఓహో అన్నారు.

"అన్నయ్యా, మీరూ ఓసారి చూడండి," అని చిన్నల్లుడు కాగితాలు చాపాడు.

"నేనెందుకులే. మీ గ్రూపులో మేధావులకి కొదవా?"

"మీ అమ్మాయే కదా అందులో పెద్ద మేధావి. విశ్లేషణంతా తనదే."

పెద్దల్లుడి ఒక్కగానొక్క కూతురు బాబాయి గ్రూపులోనే డాక్టరేటు చేస్తోంది. తండ్రి దగ్గర చేయవచ్చు కదా అని ఎవరో అడిగితే, "నాన్న దగ్గర నేను కూతుర్నే అవగలను, విద్యార్థిని అవలేను" అందట. ఆ మాట ఆయన చెవిన పడలేదు. వాడు ఐస్‌క్రీములు తినిపించి, సినిమాలు చూపించి పిల్లని లాక్కున్నాడని ఆయన నమ్మకం. విశ్లేషణ తనది అన్నారంటే దాని అర్థం, వాడు చెప్పిన మీటలు పిల్ల నొక్కిందని. అంతకన్నా ఆయన ఆలోచించలేదు.

ఆయన కాగితాల్లో మొదటి బొమ్మ చూశాడు. అక్కడే ఆయన మొహం వెలిగింది. కేంద్రకం మీద కుతూహలంతో కాదు, కసితో. ఆ లెక్క కిందగేటు వేసి చేశారు.

గేటంటే జల్లెడ లాంటిదే. డిటెక్టర్లలో పడే కోటానుకోట్ల కిరణాల్లో మనకి కావలసిన కేంద్రకం తాలూకువి ఏరుకోవాలి. కింది మెట్టు కిరణం కూడా కనిపించినవాటినే ఏరుకుంటే అది కిందగేటు. దండిగా దొరుకుతాయి, గీతలు అందంగా వస్తాయి. చిక్కల్లా ఒకటే. ఆ కేంద్రకం అంతకు ముందు ఏ పైమెట్టు మీదో బద్ధకంగా కూర్చుని ఆలస్యంగా దిగి ఉంటే, ఆ ఆలస్యం కూడా ఈ మెట్టు ఖాతాలో పడుతుంది. వెనక స్టాపులో అరగంట ఆగిపోయిన బస్సుని, మన స్టాపుకి వచ్చాక ఇక్కడెందుకింత సేపు అని తిట్టినట్టు. అలా కాకుండా పైమెట్టు దిగడాన్ని కళ్ళారా చూసినవాటినే ఏరుకుంటే, అది పైగేటు. లెక్క నికార్సుగా ఉంటుంది. కాకపోతే దొరికేవి మరీ కొన్ని. చాలామంది విసుగొచ్చి వదిలేస్తారు, పైమెట్లు త్వరగానే దిగుతాయిలే అని ఒక వాక్యం రాసి చేతులు దులుపుకుంటారు.

పెద్దల్లుడికి విసుగు రాదు. ఎదుటివాడి తప్పు పట్టే పనిలో ఆయనకున్న ఓపిక కన్నతల్లికి కూడా ఉండదు. తన గదిలో తలుపు వేసుకుని, ల్యాబు ఉమ్మడి కంప్యూటర్లో ఉన్న ఆ ప్రయోగం దత్తాంశమంతా బయటికి తీశాడు. పెట్టె చుట్టూ వలయాలుగా అమర్చిన డిటెక్టర్లలో ఒక్క వలయం చాలకపోతే అన్ని వలయాలనీ కలిపాడు. ఒక్కో దానికి విడివిడిగా సవరణ చేసి, పైగేటు వేసి, ఆ కొద్దిపాటి కిరణాలనే చుక్క చుక్కగా లెక్కపెట్టాడు. కొన్ని వారాలు పట్టింది. చివరికి తేలిన ఆయుష్షు, వాళ్ళు చెప్పినదానిలో సరిగ్గా మూడో వంతు. కట్టు తప్పిందన్న కేంద్రకం పక్కవాటితో పాటే బుద్ధిగా తిరుగుతోంది. తాత్సారం చేసింది దాని పైనున్న మెట్టు.

మంచి పని, చక్కటి పని. నిజం చెప్పాలంటే ఆ ల్యాబులో ఆ పని ఇంకెవరూ చేయలేరు. ఆ క్షణాన లేచి వరండా దాటి ఎదురు తలుపు తట్టి ఉంటే, ఈ కథ అక్కడితో అయిపోయేది, నాకూ శ్రమ తప్పేది. కానీ ఆయన లేవలేదు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, ఆ తలుపు అవతలున్న మనిషి నలుగురిలో నీళ్ళు నమలడం ఊహించుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత కడుపునిండా ఏదో తిన్నట్టనిపించింది.

త్వరలోనే సమీక్షా సమావేశం ఉంది. బయటి ల్యాబుల నుంచి పెద్దలు వస్తారు. ఆ సమావేశంలో చిన్నల్లుడి ఫలితం మెరిస్తే విభాగం మొత్తానికి అతన్ని అధిపతిని చేస్తారని అందరూ అనుకుంటున్నారు. ఎక్కనీ, అనుకున్నాడు పెద్దల్లుడు. పైదాకా ఎక్కనిచ్చి అప్పుడు నిచ్చెన లాగాలి. ముందే చెబితే వాడు చల్లగా దిద్దుకుని, "అన్నయ్యకి కృతజ్ఞతలు" అని చివర్లో ఒక ముక్క రాసి, పేరు తనే కొట్టేస్తాడు. ఇలా అనుకుంటూ ఆయన తన లెక్కని నాలుగు స్లైడ్లుగా తయారుచేసుకున్నాడు. దానికి ప్లస్సు మైనస్సులు కూడా వేశాడు.

ఒక సెలవురోజున కూతురు ఇంటికొచ్చింది. సంచీలోంచి కాగితాల కట్ట తీసి తండ్రి ముందు పెట్టింది.

"నాన్నా, ఇది చదివి పెట్టవా? నా థీసిస్‌లో పెద్ద చాప్టరు. వచ్చే వారం ఇచ్చేయాలి."

"మీ బాబాయి చదివాడా?"

"చదివాడు. బాగుందన్నాడు. అందుకే నీ దగ్గరికి తెచ్చా. అందరూ బాగుందనేవాళ్ళే. నువ్వైతే తప్పుంటే వదలవుగా."

వంటగదిలోంచి తల్లి, "దాన్ని ఏడిపించకండి," అని ముందుగానే కేకేసింది.

ఆయన బాల్కనీలో కూర్చుని చదివాడు. అది ఆ కేంద్రకం గురించే. పిల్ల శుభ్రంగా రాసింది; ఏది కొలిచిందో, ఏది కొలవలేకపోయిందో దాచకుండా రాసింది. పదకొండో పేజీ దగ్గర ఆయన పెన్సిలు ఆగింది. 'పైగేటుకి కిరణాలు చాలలేదు. పైమెట్లు త్వరగా దిగుతాయని అనుకుని కిందగేటు వాడాం.' పెన్సిలు ఆ వాక్యం మీద కాసేపు నిలబడింది. మార్జిన్లో ఒక్క మాట రాస్తే సరిపోయేది. పిల్ల ఆ రాత్రే పరుగెత్తుకెళ్ళి లెక్క మళ్ళీ మొదలుపెట్టేది, ఆలస్యమైనా థీసిస్ నిలబడేది. కానీ పిల్లకి తెలిస్తే బాబాయికి తెలుస్తుంది. బాబాయికి తెలిస్తే నిచ్చెన లాగే సరదా ఉండదు.

ఆయన తనకి తను చెప్పుకున్న సమాధానాలు వినండి. థీసిస్ అంటే అయిదు చాప్టర్లు, ఒకటి పోతే ఏమవుతుంది. తర్వాత దిద్దుకోవచ్చు. తప్పు పిల్లది కాదు, దానితో చేయించినవాడిది. నలుగురిలో వాడి గాలి తీసేశాక దీనికీ కళ్ళు తెరుచుకుంటాయి, తండ్రి విలువ తెలుస్తుంది. ఒక విద్యార్థి ఇంత లొసుగు వాదన తెచ్చి ఉంటే ఈ మనిషి కాగితం విసిరి మొహాన కొట్టేవాడు. తన వాదనకి మాత్రం ప్లస్సు మైనస్సు అడగలేదు.

పెన్సిలు కదిలింది. రెండు కామాలు దిద్దాడు, ఒక బొమ్మ కింద ప్రమాణం రాయలేదని సున్నా చుట్టాడు, కట్ట తిరిగిచ్చేశాడు.

"ఏమన్నా ఉందా?" అంది కూతురు. నిలబడే ఉంది, తిట్లకి సిద్ధపడి.

"కామాలు పెట్టడం నేర్చుకో. మిగతాది బాగానే ఉంది."

ఆ పిల్ల ఒక్క క్షణం నమ్మలేకపోయింది. బడిలో మొదటి ర్యాంకు తెచ్చినప్పుడు కూడా ఆ మాట విననిది. కట్ట గుండెకి అదుముకుని వంటగదిలోకి వెళ్ళి, "అమ్మా, నాన్న బాగుందన్నాడు," అంది. తల్లి చేతిలో గరిటెతోనే బయటికొచ్చి, భర్త నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "ఒంట్లో బాగానే ఉందా మీకు?" అంది. ముగ్గురూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

థీసిస్ వెళ్ళిపోయింది. సమావేశం రోజు వచ్చింది.

ల్యాబు పెద్ద హాల్లో ఎర్ర గుడ్డ వేసిన మడత కుర్చీలు, లేస్తే టప్పున వెనక్కి ముడుచుకుపోయే రకం. ముందు వరసలో బయటి నుంచి వచ్చిన పెద్దలు, వాళ్ళ పక్కన చిన్నల్లుడు. పెద్దల్లుడు మధ్య వరసలో కూర్చున్నాడు. జేబులో తన నాలుగు స్లైడ్ల పెన్‌డ్రైవు. చుట్టూ కూర్చున్నవాళ్ళని చూసి రోజూ కన్నా ఎక్కువగా ఏవగించుకున్నాడు. వీడు చప్పట్లు కొట్టడానికి పుట్టాడు, వీడు టిఫిన్ కోసం వచ్చాడు, వీడికి అర్థం కాకపోయినా తలూపుతాడు. ఇంతలో పక్క కుర్చీలో ఎవరో కూర్చున్నారు. చూస్తే భార్య, కొత్త చేతిసంచీతో.

"నువ్వెందుకొచ్చావు?"

"అమ్మాయి మాట్లాడుతోందిగా."

"అమ్మాయేంటి? మాట్లాడేది వాడు."

"మరిదిగారే అన్నారట, పని చేసింది నువ్వు, నువ్వే చెప్పాలి అని. మీకు చెప్పొద్దంది. ముందే చెబితే పెదవి విరుస్తారని దాని భయం." ఆమె వంగి ఇంకాస్త తగ్గు గొంతుతో, "అదిగో, ముందు వరసలో తెల్లజుట్టు పెద్దాయన, దాని థీసిస్ దిద్దేది ఆయనేనట. ఇవాళ ఇది విని నచ్చితే తన ల్యాబులో చేర్చుకుంటానన్నాడట," అంది.

పెద్దల్లుడి చెయ్యి జేబులోని పెన్‌డ్రైవు మీద పడింది. వేదిక మీదికి కూతురు వచ్చింది. చిన్నల్లుడు లేచి మైకు దగ్గర రెండే రెండు వాక్యాలు చెప్పాడు, ఈ ఆలోచన, ఈ లెక్క, ఏ గేటు వాడాలన్న నిర్ణయంతో సహా ఈ అమ్మాయివేనని, తను అడ్డు రాకుండా ఉన్నానంతేనని. నోటికి అడ్డూ ఆపూ లేదనుకున్న మనిషి అంతటితో ఆపి వెళ్ళి కూర్చున్నాడు.

కూతురు చెప్పడం మొదలుపెట్టింది. రేకుల పెట్టె బొమ్మ చూపించి, దాన్ని సరిచేసింది డిటెక్టర్ల విభాగం పెద్దలని చెప్పి, తండ్రి వైపు చూసి చిన్నగా నవ్వింది. ఆయన కిటికీ వైపు చూశాడు. నోరు మూసుకోవాలని నిశ్చయించుకున్నాడు. ఇది ఆయన పక్షాన చెప్పి తీరాలి: నిజంగానే నిశ్చయించుకున్నాడు. సాయంత్రం పిల్లని పక్కకి పిలిచి చెబుదాం, పెద్దాయనకి ఉత్తరం రాయిద్దాం, దిద్దుకోవడానికి ఇంకా దారి ఉంది అనుకున్నాడు. పెన్‌డ్రైవుని జేబు అడుక్కి తోశాడు.

ఉపన్యాసం అయిపోయింది. చప్పట్లు గట్టిగానే పడ్డాయి. తెల్లజుట్టు పెద్దాయన మైకు తీసుకుని, ఇంత శుభ్రమైన పని ఈ మధ్య తాను చూడలేదన్నాడు. దాంతో చిన్నల్లుడు కుర్చీలో వెనక్కి తిరిగి, వరసల మీదుగా వెతికి, పెద్దల్లుణ్ణి పట్టుకుని, మొహమంతా నవ్వాడు. చూశారా అన్నయ్యా మన పిల్లని, అన్న నవ్వు అది. హాల్లో ఎవరికైనా అలాగే అర్థమయ్యేది. పెద్దల్లుడికి మాత్రం నేను గెలిచాను చూశావా అన్న వెక్కిరింతలా అర్థమైంది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన చెయ్యి, ఆయన్ని అడగకుండానే, పైకి లేచింది.

మైకు చేతులు మారి ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన లేచి నిలబడ్డాడు. వెనకాల కుర్చీ టప్పున ముడుచుకుంది.

"పైగేటు వేసి చూశారా?"

తనకి అలవాటైన పద్ధతిలో, పెదవి విరుస్తూ పలికాడు. కూతురు మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

"చూశాం. కిరణాలు చాలలేదు. అందుకే..."

"చాలుతాయి. అన్ని వలయాలూ కలిపితే చాలుతాయి. బద్ధకించకపోతే చాలుతాయి. అప్పుడు మీ ఆయుష్షు మూడో వంతుకి పడిపోతుంది. మీ కేంద్రకం కట్టేమీ తప్పలేదు. మీరు కొలిచింది పైమెట్టు ఆలస్యాన్ని."

హాలంతా గుసగుసలు లేచాయి. ముందు వరసలో చిన్నల్లుడు లేచి నిలబడ్డాడు. "ఆ గేటు సంగతి నేను చూసుకోవలసింది. గ్రూపుకి పెద్దని నేను. తప్పు నాది," అన్నాడు, అంత పెద్ద గొంతూ సన్నబడిపోయి.

"కాదు బాబాయ్, నాదే," అంది కూతురు వేదిక మీంచి. తర్వాత తండ్రి వైపు తిరిగింది. "వలయాల మధ్య శక్తి తేడా ఎలా సరిచేశారు?"

ఆయన చెప్పాడు. ఆమె ఇంకో ప్రశ్న వేసింది, ఇంకోటి వేసింది. మూడూ సరైన ప్రశ్నలే. ఆయన జవాబులు విని, కాసేపు తల వంచుకుని మనసులో ఏదో లెక్క వేసుకుని, సభ వైపు తిరిగి మామూలు గొంతుతో అంది: "ఆయన చెప్పింది సరైనదే అయి ఉండాలి. నా చివరి మూడు స్లైడ్లూ కొట్టేసుకోండి. ఆ మెట్టు మీద కేంద్రకం మామూలుగానే ఉంది, దాని పైమెట్టు నెమ్మదిగా ఉంది. ఎందుకు నెమ్మదిగా ఉందో నాకు ఇవాళ తెలీదు." తెల్లజుట్టు పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నిచ్చెన లాగినవాడికి ఈ మాటలు ఎక్కడా సంబరం కలిగించలేదు. జేబులో పెన్‌డ్రైవుని ఇక ఎవరూ అడగరు కూడా.

"ఇంకొక్కటి అడగొచ్చా?" అంది కూతురు. ఆమె ఆయన్నే చూస్తోంది. "ఈ లెక్క మీరు ఎప్పుడు పూర్తిచేశారు?"

ఆయన మైకుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"అంటే, నా చాప్టరు చదవకముందా? చదివాకా?"

సభలో సగం మందికి ఆ ప్రశ్న అర్థం కాలేదు, అర్థమైనవాళ్ళు కదలడం మానేశారు. నిన్ననే చేశానని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎవరూ తవ్వి చూడరు. ఆయన లోకంలో అందరినీ ఈసడించుకున్నాడు, ఎన్నో చెడ్డ పనులు చేశాడు, కానీ అంకె విషయంలో అబద్ధమాడటం ఆయనకి చేతకాదు. ఇవాళ నేర్చుకుందామన్నా నాలుక తిరగలేదు.

"ముందే," అన్నాడు.

మైకులో ఆ మాట హాలు చివరిదాకా వినబడింది. కూతురు తలూపింది, కొలత సరిగ్గా వచ్చినప్పుడు ఊపినట్టు. కోపం లేదు, కన్నీళ్ళు లేవు. ఆయన వాటికి సిద్ధంగా ఉన్నాడు, వాటిని ఎలా తీసిపారేయాలో ఆయనకి తెలుసు. ఆమె చేతిలో కాగితాలు సర్దుకుని, "వేరే ఎవరివైనా ప్రశ్నలున్నాయా?" అని ఎడమ వైపు వరసల కేసి చూసింది. అక్కడ ఎవరో చెయ్యెత్తారు. ఆమె వాళ్ళ ప్రశ్న వినడానికి ఒక అడుగు ముందుకి వచ్చింది.

ముందు వరసల్లో తలలు ఒక్కొక్కటీ ఆయన వైపు తిరిగి, ఒక్కో చూపు చూసి, మళ్ళీ అటు తిరిగాయి. ఆ చూపు ఆయనకి కొత్తేమీ కాదు. ఇన్నేళ్ళూ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి తనే అందరినీ అలా చూశాడు. చిన్నల్లుడు మాత్రం తిరగలేదు. అతను వేదిక కేసే చూస్తూ, పిల్ల తడబడితే పలకడానికన్నట్టు ముందుకి వంగి కూర్చున్నాడు.

పెద్దల్లుడు ఇంకా నిలబడే ఉన్నాడు. మైకు పక్కవాళ్ళకి ఇచ్చేశాడు. చేత్తో తడుముకుంటూ ముడుచుకున్న కుర్చీని కిందికి దించి, కూర్చోబోయాడు.

"ఇక్కడ కాదు," అంది భార్య, వేదిక మీంచి చూపు తిప్పకుండా, తన చేతిసంచీ తీసి ఆ కుర్చీలో పెడుతూ. "వెనకాల బోలెడు ఖాళీ ఉంది."